చర్ల నుంచి కల్లూరుకు ఏడు చేపలు

లచ్చిరాం చర్లలో ఇరవై ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా పనిచేశాడు. సొంతూరు కల్లూరు దగ్గర ఒక తండా. పెళ్లయిన కొత్తలో, ఇరవై రెండో ఏట, భార్య ద్వాలిని వెంటబెట్టుకుని చర్ల వచ్చాడు. రెండేళ్లలో బదిలీ చేయించుకుని వెళ్లిపోదామనుకున్నవాడు అడవి ఊళ్లకు అలవాటుపడి అక్కడే ఉండిపోయాడు. బండి పోయినంత మేర బండి మీద, ఆ తర్వాత కాలినడకన, భుజాన తాడు వేసుకుని గుట్టలు దాటి తిరిగేవాడు. ఏ స్తంభం ఎవరి పోడు చేలో ఉందో, ఏ వాగు దగ్గర తీగ కిందికి వేలాడుతుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. క్యాంపు దగ్గర పోలీసులు ఆపి ఎక్కడికని అడిగినా, ఊళ్లో వాళ్లు ఆపి అన్నం తినిపొమ్మన్నా ఒకే రకంగా నవ్వేవాడు. ఇల్లు ఆయనకు స్నానానికీ నిద్రకూ తప్ప పట్టేది కాదు. ఆదివారం ఇంట్లో ఉంటే మధ్యాహ్నానికల్లా తోచక రోడ్డు మీదికి వచ్చేసేవాడు.

నాలుగేళ్ల కిందట, ఆగస్టు నెలలో, గాలివానకు తెగిన తీగ కట్టడానికి ఒక స్తంభం ఎక్కాడు. లైను ఆపించుకునే ఎక్కాడు. ఎవరింట్లోనో నడుస్తున్న జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి తన్నింది. ఎడమ చేతి రెండు వేళ్లు కాలిపోయాయి. పడటం రాళ్ల మీద పడ్డాడు. దవాఖానాలన్నీ తిరిగి ఐదు నెలలకు ఇల్లు చేరేసరికి నడుము కింద ఏదీ ఆయన మాట వినడం లేదు.

చర్ల ఇంట్లో వెనక గది ఆయనకిచ్చారు. కిటికీ ఉంది గాని తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. మూత్రానికి గొట్టం, మంచం కోడుకు వేలాడే సంచి. రెండు గంటలకొకసారి ఎవరో ఒకరు పక్కకు తిప్పాలి, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ద్వాలే. ఆమె ఆశ్రమ పాఠశాలలో వంట మనిషి. తెల్లవారకముందే ఆయన్ను తిప్పి పోయేది, పిల్లల టిఫిన్లు అయ్యాక పరుగున వచ్చి మళ్లీ తిప్పేది. ఆమె నడుముకు ఎప్పుడూ ఒక పాత చున్నీ బిగించి కట్టి ఉండేది.

మొదట్లో తండా నుంచి జీపు కట్టుకుని పద్నాలుగు మంది చూడటానికి వచ్చారు. చిన్న గదిలో మంచం చుట్టూ నిలబడ్డారు. తమ్ముడు బలరాం దుప్పటి ఎత్తి అన్న కాళ్లు చూసి గుడ్ల నీళ్లు పెట్టుకున్నాడు. వాళ్లు వెళ్లాక లచ్చిరాం ద్వాలితో, ఇక ఎవరినీ రానివ్వొద్దని చెప్పాడు. ఆ తర్వాత బలరాం రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ లచ్చిరాం కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. మూడోసారి తమ్ముడు రాలేదు.

అక్వేరియం తెచ్చింది కూతురు ఉషారాణి. అప్పుడామె ఖమ్మంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎవరో దంతవైద్యుడు క్లినిక్ ఎత్తేస్తూ తన చేపల తొట్టి వదిలించుకుంటుంటే అడిగి తీసుకుంది. నాలుగడుగుల అద్దాల తొట్టి, ఇనుప స్టాండు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు. బాపుకి పొద్దుపోతుందని గదిలో పెట్టించింది. లచ్చిరాం దానివైపు చూడనైనా లేదు. మోటారు చప్పుడుకు నిద్ర పట్టడం లేదని మాత్రం సణిగాడు.

వేసవిలో ఒకరోజు పొద్దున కరెంటు పోయింది. ద్వాలి పనికి పోయింది. మోటారు ఆగిన గంటన్నరకు చేపలు ఒక్కొక్కటే పైకి వచ్చి నీటి అంచున నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. తొట్టి ఆయన మంచానికి నాలుగు మూరల దూరంలో ఉంది. ఏం చేస్తే అవి బతుకుతాయో ఆయనకు అప్పటికప్పుడే తెలిసిపోయింది. ఒక గ్లాసుతో నీళ్లు ముంచి పై నుంచి పోస్తుంటే చాలు. కేక వేశాడు, ఎవరికీ వినపడలేదు. ద్వాలి వచ్చేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. అవి తేలేదాకా ప్రతి క్షణం చూశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మంచాన్ని తొట్టికి ఆనించి వేయమన్నాడు.

అప్పటి నుంచి ఆ తొట్టి ఆయన పని అయింది. పాత స్కూటర్ బ్యాటరీ తెప్పించి, కుడి చేత్తోనూ పళ్లతోనూ తీగలు ఒలిచి, కరెంటు పోయినా మోటారు ఆగకుండా ఏర్పాటు చేశాడు. గోల్డ్‌ఫిష్‌లు పోయాక భద్రాచలం నుంచి రెండు ఆస్కార్ చేప పిల్లలు, నాలుగు ప్యారట్ చేపలు, అద్దానికి అంటుకుని పాచి తినే సకర్ ఒకటి తెప్పించుకున్నాడు. ఆస్కార్లు ఏడాదిన్నరకు జానెడు దాటి పెరిగాయి. నల్లటి ఒంటి మీద నిప్పు రంగు మచ్చలు. వంటశాల వెనక తవ్వి ద్వాలి తెచ్చిన వానపాముల్ని ఆయన రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే పైకి లేచి వేళ్ల మధ్య నుంచి లాక్కునేవి. వేరే ఎవరు చెయ్యి పెట్టినా రాళ్ల వెనక్కి పోయేవి. ఫోన్‌లో చూసి, చూసి, నీళ్ల సంగతులన్నీ నేర్చుకున్నాడు. ద్వాలితో మాట్లాడితే చేపల గురించే మాట్లాడేవాడు. మిగతా విషయాలెత్తితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

నిరుడు ఉషారాణికి కల్లూరు మండలంలో పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. ఈ ఏడు జూన్‌లో కల్లూరులో కిరాయికి ఇల్లు చూసి, అమ్మానాన్నల్ని తీసుకుపోవడానికి చర్ల వచ్చింది. తండా అక్కడికి అరగంట దూరమంది. బాబాయి, అత్తలు, అందరూ ఉంటారు. అమ్మ ఒక్కతే ఎత్తుకోనక్కర్లేదు. అందరూ ఉంటారన్న మాటే లచ్చిరాం గుండెలో రాయిలా పడింది. తండాలో ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కేవాడని తనకు పేరు. ఇప్పుడు ఆ జనమే రోజుకొకరు వచ్చి తన సంచి వైపు చూసి చూపు తిప్పుకుంటారు. ఇక్కడ, ఈ గోడ పక్కన, ఎవరూ రారు. ఇది నయం. అయితే ఆ మాట పైకి అనలేక చేపల్ని అడ్డం పెట్టాడు. నూట యాభై కిలోమీటర్ల పైన దారి, చేపలు బతకవన్నాడు.

వాగులో వదిలేద్దామంది ఉషారాణి.

"ఇవి ఈడి చేపలు గావు. ఇడిస్తే ఇవన్న సస్తయ్, లేకుంటే వాగుల ఉన్న చిన్న చేపలన్నిట్ని తింటయ్" అన్నాడు లచ్చిరాం. "నేనేడికీ రాను. మీరు పోండ్రి."

ఉషారాణి కోపం ఎప్పుడూ నెమ్మదిగా ఉంటుంది.

"అయితే చేపల్ని గూడ తీస్కపోదాం బాపూ. ఎట్ల తీస్కపోవాల్నో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్త."

తెలియదనడానికి ఆయనకు నోరు రాలేదు. తెలుసని ఇంటిల్లిపాదికీ తెలుసు.

దాంతో రోజులు సాగదీయడం మొదలుపెట్టాడు. ప్రయాణానికి ముందు చేపల్ని పస్తు పెట్టాలి, నీళ్లు పాడుకాకుండా. ఒకటి రెండు రోజులు చాలు. వారం కావాలన్నాడు. ముందు సగం నీళ్లు మార్చాలి, మార్చాక నాలుగు రోజులు ఆగాలన్నాడు. తర్వాత చేపలు నీరసించాయి, మళ్లీ మేత వేసి కోలుకోనివ్వాలన్నాడు. జూలై మొదటి ఆదివారం బయల్దేరాల్సింది మూడో వారానికి జరిగింది. ఉషారాణి సెలవు దొరకక కల్లూరులోనే ఉండిపోయింది. ద్వాలి హాస్టల్ పని మానేసి, గిన్నెలు మూటగట్టి, కట్టిన మూటల మధ్యే ఇరవై రోజులు వండింది. అప్పటికి పైన ఎక్కడెక్కడో వానలు పడి గోదావరి పెరుగుతోంది. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారని టీవీలో చెప్పారు. ఇక ఆగితే నెల పడుతుందని ద్వాలే ఒక సరుకు ట్రాలీ మాట్లాడింది.

ట్రాలీ జానీ మియాది. యాభై దాటినవాడు, చర్ల అంగళ్లకు భద్రాచలం నుంచి సరుకు తెస్తాడు, ఈ రోడ్డు మీద గుంతలన్నీ ఎరిగినవాడు. అడవి రోడ్లలో లచ్చిరాంతో పాత పరిచయం. తెల్లారగానే వచ్చాడు. ఆయన, ద్వాలి కలిసి లచ్చిరాం చెప్పినట్టల్లా చేశారు. తొట్టి నీళ్లు డబ్బాల్లోకి తోడారు. ఫిల్టర్ స్పాంజిని కడగకుండా ఆ నీళ్లలోనే ఉంచారు. ఆస్కార్లు కొట్టుకుంటాయి గనక చెరొక పెయింటు బకెట్టులో వేసి బెజ్జాలు పెట్టిన మూతలు బిగించారు. మిగతా అయిదూ నీలం డ్రమ్ములో. స్కూటర్ బ్యాటరీకి ఛార్జి నిలవడం లేదని, సెల్స్ వేసిన రెండు చిన్న గాలి మోటార్లు పెట్టారు. ఖాళీ తొట్టికి దుప్పట్లు చుట్టారు. ఆఖర్న లచ్చిరాంను పరుపుతో సహా ఎత్తి ట్రాలీలో పడుకోబెట్టి పైన టార్పాలిన్ కట్టారు. మూడున్నరేళ్ల తర్వాత ఆయన ఆ గది బయటికి వచ్చాడు. పైన నీలం ప్లాస్టిక్ తప్ప ఏమీ కనిపించలేదు.

దుమ్ముగూడెం దాటాక ఒక మలుపులో జానీ మియా బండి ఆపాడు. ముందు రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. గోదావరి వెనక్కి తన్నిన నీళ్లు, ఎర్రగా, కదలకుండా. అవతల గట్టు కనపడటం లేదు. బండి తిప్పుకుని రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చేసరికి, పొద్దున దాటి వచ్చిన వాగు కల్వర్టు మీదుగా పొర్లుతోంది. వాన సన్నగా మొదలై గట్టిపడింది. రెండు నీళ్ల మధ్య ఆ రోడ్డు ముక్క మీద ఒక బస్సు, ఒక లారీ, వీళ్ల ట్రాలీ ఉండిపోయాయి. పదిన్నర అయింది.

మధ్యాహ్నం రెండింటికి మోటార్ల చప్పుడు మందగించి ఆగిపోయింది. జానీ మియా బస్సులోనూ లారీలోనూ అడిగి చూశాడు, సెల్స్ ఎవరి దగ్గరా లేవు. లచ్చిరాం మగ్గు ఇమ్మన్నాడు. డ్రమ్మును, బకెట్లను కుడివైపుకు జరిపించుకుని, పడుకున్న చోటు నుంచే నీళ్లు ముంచి జానెడు పై నుంచి వదలసాగాడు. ఒకదానిలో యాభై సార్లు, తర్వాత ఇంకొకదానిలో. ద్వాలి తను పోస్తానంటే ఇవ్వలేదు. భుజం పట్టేసింది, కాసేపు ఆగి మళ్లీ పోశాడు. టార్పాలిన్ కింద ఉక్కపోత, చేపల వాసన, తన సంచి వాసన. ద్వాలి మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటలకోసారి ఆయన్ను తిప్పేది. తిప్పడానికి చోటు చాలక ఒకసారి బకెట్టు ఒరిగింది. ఆ నీళ్లు పరుపులోకి ఇంకాయి. తడి పరుపు మీద పడుకుంటే పుండు ఖాయమని ఇద్దరికీ తెలుసు.

బస్సులో జనానికి తోచక ఒక్కొక్కరు వచ్చి ట్రాలీలోకి తొంగి చూశారు. మొదట చేపల్ని, తర్వాత ఆయన్ను. లచ్చిరాం దుప్పటి గడ్డం దాకా లాక్కుని మగ్గు మీదే చూపు పెట్టుకున్నాడు. దాక్కోవడానికి గోడ లేదు. ఒకావిడ ద్వాలిని పక్కకు పిలిచి ఎన్నేళ్లనుంచి ఇలా అని అడగడం, ద్వాలి చెప్పడం ఆయనకు వినపడుతూనే ఉంది.

సాయంత్రం గుట్ట కింది గూడెం నుంచి దూలయ్య అనే ముసలాయన గంజి కుండ పట్టుకుని వచ్చాడు. బస్సువాళ్లకు పోశాక ట్రాలీ దగ్గరికి వచ్చి డ్రమ్ములోకి చూశాడు. ఇవి తినడానికా అని అడిగాడు. కాదన్నాడు లచ్చిరాం. మరెందుకని అడిగితే, చూడటానికని చెప్పాడు. దూలయ్యకు ఆ జవాబు వింతగా తోచినట్టు లేదు. అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి మనిషిని చూశాడు.

"నువ్వు కరెంటు లచ్చిరామువే గదా. మా ఇండ్లల్ల బుగ్గలు ఎలిగించినోనివి. సచ్చిపోయినవని చెప్పిండ్రు."

"సావలే" అన్నాడు లచ్చిరాం.

దూలయ్య తల ఊపి, మగ్గు తీసుకుని, ఆయన పోసినట్టే పోశాడు. లచ్చిరాం చెయ్యి పక్కన పడేసుకుని కళ్లు మూసుకున్నాడు. పైన వాన తగ్గి టార్పాలిన్ అంచు గాలికి లేచినప్పుడు ఒక తీగ కనిపించింది. ఆ తీగ ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. రోడ్డుకు కుడివైపు గుట్ట వాలున స్తంభాలు ముంపుకు దొరక్కుండా ఎత్తు మీద నాటించారు, నాటించింది తనే. స్తంభాలు మోసిన ట్రాక్టరు నడిచిన దారి ఇంకా ఉండాలి. అది నీళ్లకు పైపైనే సాగి అవతల రోడ్డులో కలుస్తుంది. మధ్యాహ్నం నుంచీ ఆ సంగతి ఆయన నాలుక మీదే ఉంది. ముందు దారి తెరుచుకోకపోతే వెనక్కే పోవాలి. వెనక చర్లలో ఇల్లు నెలాఖరు దాకా తమదే. ఏమీ అనలేదు.

తెల్లవారేసరికి రెండు ఆస్కార్లలో పెద్దది చనిపోయి ఉంది. వేకువన ఆయన చెయ్యి పూర్తిగా లేవకుండా పోయి, ద్వాలి కునుకు తీసిన ఆ కాసేపట్లోనే. బకెట్టు మూత తీసి ద్వాలి చూపించింది. లచ్చిరాం దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఆమెకే ఇచ్చాడు. ఆమె రోడ్డు పక్కన పుల్లతో గుంట తవ్వి పెట్టింది.

వాన వెలిసింది. ఏడింటికి జానీ మియా వాగు దాకా నడిచి వెళ్లి వచ్చాడు. వెనక కల్వర్టు బయటపడింది, ముందు గోదావరి నీళ్లు మాత్రం ఇంకో జానెడు పెరిగాయి.

"భాయ్, ఎనక రోడ్డు ఖాళీ అయింది. చర్లకే పోదాం. నీళ్లు తగ్గినంక మళ్ల వద్దం" అన్నాడు.

లచ్చిరాం తను అనాల్సిన పని లేకుండానే అంతా అమరిందనుకున్నాడు. అవునన్నట్టు కళ్లు వాల్చాడు. ద్వాలి ట్రాలీ దిగి రోడ్డు మీద నిలబడింది. చీర మోకాళ్ల దాకా బురద, నడుముకు ఆ చున్నీ.

"మీరు పోండ్రి. నేను రాను" అంది. జానీ మియా ఏదో చెప్పబోతే ఆయనవైపు చూడకుండా మొగుడితోనే అంది, "కోపంతోని అంటలేను. ఆ ఇంట్లకు మళ్ల నా కాలు రాదు. నాలుగేండ్లు ఆ అర్రల నువ్వొక్కనివే లేవు. నేను గూడ ఉన్న."

చేపలకు వారం పస్తన్నా, నీళ్లు మార్చి ఆగాలన్నా నోరెత్తని మనిషి. జానీ మియా మొహమాటపడి బండి టైర్లు చూసే నెపంతో వెనక్కి వెళ్లాడు.

"స్తంభాల ఎంట దారి ఉన్నది" అన్నాడు చివరికి లచ్చిరాం. "గుట్ట మీదికెల్లి. ట్రాలీ పడ్తది."

ద్వాలి ఆయన మొహంలోకి చూసింది.

"నిన్న తెల్వదా?"

"తెలుసు."

ఆమె చేప పాతిన చోటుకేసి ఒకసారి చూసి, టార్పాలిన్ తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. పైకప్పు తీసేస్తే తప్ప ఆయనకు దారి కనపడదని ఆయన చెప్పకముందే ఆమెకు తట్టింది.

అలా వెల్లకిలా పడుకుని, ఆకాశం కేసి చూస్తూ, లచ్చిరాం బండి నడిపించాడు. ఆయనకు కనపడేవి తీగలు, వాటిని పట్టి ఉంచే పింగాణీ గిన్నెలు, స్తంభాల తలలు. నేల కనపడదు. మూడు తీగలూ నెత్తి మీదికి వస్తే ఎడమకు కొట్టమనేవాడు, కుడివైపుకు జరిగితే నేరుగా పొమ్మనేవాడు. తొమ్మిదో స్తంభం దాటాక మెత్తటి నేల ఉంటుందని ముందే చెప్పాడు. అక్కడ నిజంగానే చక్రం దిగబడింది. దూలయ్యా, గూడెం వాళ్లు మరో నలుగురూ వెనక నుంచి తోశారు. ద్వాలి కర్ర పట్టుకుని ముందు నడుస్తూ గుంతలు పొడిచి చూసింది. ఒకచోట కొత్తగా వేసిన స్తంభం ఒకటి ఆయనకు తెలియనిది ఎదురైంది, లైను రెండుగా చీలింది. ఎటు పోవాలో చెప్పలేక తడబడ్డాడు. జానీ మియా దిగి కొంత దూరం నడిచి చూసి వచ్చాడు. మూడు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. ప్రతి కుదుపుకూ డ్రమ్ములో నీళ్లు మొహాన పడుతుంటే కుడి చేత్తో దాన్ని పట్టుకునే ఉన్నాడు. తారు రోడ్డు మీదికి ఎక్కాక జానీ మియా అల్లాను తలుచుకుని బీడీ ముట్టించాడు. లచ్చిరాంకు సంతోషం కలగలేదు. ఇక వెనక్కి పోవడం ఉండదు, అంతే అనిపించింది.

భద్రాచలంలో సెల్స్ కొన్నారు. కొత్తగూడెం, తల్లాడ మీదుగా కల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. ఆరు చేపలు బతికి ఉన్నాయి. లచ్చిరాం వీపు కింద రూపాయంత పుండు లేచింది.

కొత్త ఇంట్లో ఉషారాణి తండ్రికి ముందు గది సిద్ధం చేసి పెట్టింది. పెద్ద కిటికీ, బయట బజారు. ఆయన లోపలి గదిలో వేయమన్నాడు. ఉషారాణి వాదించలేదు, కానీ తొట్టి లోపలికి పోలేదు. నడవ మలుపులో నాలుగడుగుల అద్దం తిరగలేదు. నిలువుగా, అడ్డంగా, అన్ని రకాలా చూశారు. చివరికి తొట్టి ముందు గదిలో, లచ్చిరాం లోపలి గదిలో ఉండిపోయారు. తలుపు తెరిచి ఉంచితే మోటారు చప్పుడు వినపడేది. ఆ గదికి కిటికీ కూడా లేదు.

పదకొండు రోజులు అలాగే ఉన్నాడు. ద్వాలి తిప్పడానికి వచ్చినప్పుడు చేపల సంగతి అడిగేవాడు, ఆమె పొడిగా చెప్పేది. మిగిలిన ఆస్కార్ మేత ముట్టడం లేదంది. ద్వాలి పెట్టినా, ఉషారాణి పెట్టినా మూలకు పోయి పక్కకు ఒరిగి పడి ఉంటోంది. కొత్త చోటుకు వస్తే వారం అలుగుతాయని, తర్వాత సర్దుకుంటాయని ఆయన చెప్పాడు. వారం దాటింది. పదకొండో రోజు ద్వాలి వచ్చి, దాని ఒంటి మీద మచ్చలు తెల్లబడుతున్నాయని చెప్పి, ఆయన్ను తిప్పి, దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది. ముందు గదికి రమ్మని అడగలేదు. ఆమె ఇక ఏదీ అడగడం లేదని ఆయన గమనించాడు.

ఆ సాయంత్రం మంచం మార్చమన్నాడు.

అద్దం పైనుంచి వానపామును దించి అరగంట పట్టుకుంటే చేప రాలేదు. మర్నాడు రాలేదు. మూడో రోజు వచ్చి వేలు కూడా కొరికింది. ఆ మూడు రోజుల్లోనే బజారున పోయేవాళ్లు కిటికీలోంచి చూశారు. కూరగాయల ఆవిడ చూసింది, ఎదురింటి ముసలాయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని పోయాడు. తండాలో తెలిసింది. ఉషారాణి అత్తలు వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, చేపల పేర్లు అడిగారు. లచ్చిరాం ఎవరికీ ఎక్కువ బదులు చెప్పలేదు. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఒక్కోరోజు చర్ల గదీ, ఆ పక్కింటి గోడా గుర్తొచ్చి, అక్కడ ఎంత హాయిగా ఉండేదో అనుకునేవాడు.

సెప్టెంబర్‌లో ద్వాలి తల్లాడలో తన చెల్లెలు పుష్ప ఇంటికి రెండు రోజులు పోయి వస్తానంది. అక్కడేం పనని లచ్చిరాం అడిగాడు. పనేమీ లేదు, పడుకోవడానికి పోతున్నానంది. ఉషారాణికి గ్రామసభ ఉంది. బలరాం వచ్చి ఉంటాడని తల్లీకూతుళ్లు ముందే మాట్లాడుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత అన్నదమ్ములిద్దరే ఒక గదిలో మిగిలారు. బలరాం చేతులు కడుక్కుని వచ్చి ఎక్కడ పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒకటి పెట్టమని లచ్చిరాం చెప్పాడు. ముందు సంచి జరపాలన్నాడు, లేకపోతే గొట్టం లాగుతుంది. తమ్ముడు తన ఒంటి మీది గుడ్డ తొలగించి పుండు మీది కట్టు చూస్తుంటే, చర్లలో పడుకుని ఎంత సిగ్గు వేస్తుందని ఊహించుకున్నాడో అంతా వేసింది, పిసరంత కూడా తగ్గకుండా.

"నొప్పయితే చెప్పు అన్నా" అన్నాడు బలరాం.

"నాకు ఆడ నొప్పి తెల్వది. నువ్వే సూసుకోవాలె."

బలరాం తల ఊపాడు. బలం ఎక్కువై ఒకసారి గోడకు కొట్టినంత పని చేశాడు. రెండోసారికి తిప్పగలిగాడు. వీపు వెనక దిండు పెట్టి, చెమట తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ టీ తాగారు. పొలం సంగతులు బలరాం చెప్పాడు, లచ్చిరాం విన్నాడు.

తల్లాడ నుంచి ద్వాలి ఫోన్ చేసింది. తిప్పాడా అని అడిగింది. తిప్పాడన్నాడు. సరిగా తిప్పాడా అని అడిగితే, తమ్ముడివైపు చూసి, నేర్చుకుంటాడన్నాడు. ఆమె సరే, పడుకుంటున్నానని ఫోన్ పెట్టేసింది. మళ్లీ తిప్పాల్సింది ఇంకో రెండు గంటలకు. బలరాం తన ఫోన్ తీసి అలారం పెట్టుకున్నాడు.